క్వింటాలు మిర్చికి ఎంత డీజిల్? – రొంపిచెర్ల రవాణాలో ఇంధన పొదుపు లెక్క

పల్నాడు జిల్లా రొంపిచెర్ల మండలంలో నల్లరేగడి నేలలు, నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు కలిసి మిరప, పత్తి పంటలను నిలబెడుతున్నాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కల్లాలలో ఎండిన మిర్చి టిక్కీలకెక్కి నరసరావుపేట, ఫిరంగిపురం, పేరేచర్ల మీదుగా గుంటూరు యార్డుకు తరలుతుంది. ఒకప్పుడు ఎడ్లబండి, ఆ తరువాత ట్రాక్టరు ట్రాలీ, లారీ చేసిన ఈ పనిలో గణనీయమైన భాగం నేడు పికప్ వాహనాలదే. 2005లో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చిన తరువాత చిన్న సరుకు వాహనాల వాడకం పల్లెలకు విస్తరించింది. టన్ను నుంచి టన్నున్నర వరకు మోయగల బొలేరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి ఇప్పుడు రైతుకు అందుబాటులో ఉన్న రవాణా సాధనాలు.

మన సాగు ఖర్చుల పట్టికలలో విత్తనం, ఎరువు, సస్యరక్షణ, కూలీ వంటి పద్దులు వివరంగా ఉంటాయి. రవాణా మాత్రం చివర ఒకే పంక్తిగా కనిపిస్తుంది. ఆ పంక్తిలో డీజిల్ ఎంత, అది ఎక్కడ ఖర్చవుతోంది, ఎంత తగ్గించవచ్చు అన్న ప్రశ్నలను విస్తరణ కార్యక్రమాలలో మనం అరుదుగా అడుగుతాము. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్న పరిస్థితిలో ఈ ప్రశ్న రైతు ఖర్చుకే పరిమితమైనది కాదు. ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

ఏ కొలమానంతో కొలవాలి?

వాహనం నడిపేవారు ఇంధన పొదుపును మైలేజీతో, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్కతో కొలుస్తారు. బండి ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి ఈ కొలత ఉపయోగపడుతుంది. పంట రవాణాకు మాత్రం ఇది చాలదు. ఖాళీ బండికి మైలేజీ ఎక్కువ వస్తుంది. కాని ఖాళీ బండి ఏ సరుకునూ మార్కెట్టుకు చేర్చదు.

సస్యశాస్త్ర విద్యార్థికి ఈ తేడా కొత్తది కాదు. ఎకరాకు ఎంత నత్రజని వేశామన్న దానికంటే, కిలో నత్రజనికి ఎన్ని కిలోల గింజ లభించిందన్న దానితోనే వినియోగ సామర్థ్యాన్ని అంచనా వేస్తాము. నీటి ఉత్పాదకతనూ అదే తీరులో ఘనమీటరు నీటికి వచ్చిన దిగుబడిగా చెబుతాము. రవాణాలోనూ అదే సూత్రం వర్తించాలి. ఒక క్వింటాలు సరుకును కల్లం నుంచి కాటా దాకా చేర్చడానికి, బండి తిరిగి ఊరు చేరడంతో సహా, ఎన్ని లీటర్ల డీజిల్ ఖర్చయిందన్నదే అసలు కొలమానం. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ దృష్టితో చేసినవే.

డీజిల్ శక్తి ఎటు పోతుంది?

లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఇందులో పెద్ద భాగం ఇంజను వేడిగాను, పొగగొట్టం ద్వారాను వెళ్లిపోతుంది. చక్రాలకు చేరేది దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు మాత్రమే. లెక్క సౌలభ్యం కోసం లీటరుకు 10 మెగాజౌళ్లు చక్రాలకు చేరుతాయని తీసుకుందాం. అప్పుడు గుర్తుంచుకోవడానికి తేలికైన ఒక సూత్రం లభిస్తుంది: బండిని వెనక్కు లాగే నిరోధం 1,000 న్యూటన్లయితే లీటరుకు 10 కిలోమీటర్లు, 500 న్యూటన్లయితే 20 కిలోమీటర్లు.

సమతలమైన రోడ్డుపై స్థిరమైన వేగంతో వెళ్లే బండికి ఎదురయ్యే నిరోధాలు ముఖ్యంగా రెండు. మొదటిది దొర్లుడు నిరోధం. ఇది బండి మొత్తం బరువుపై, టైరుపై, దారి స్వభావంపై ఆధారపడుతుంది. ఖాళీ బండి 1.6 టన్నులు, సరుకు 1.4 టన్నులు, మొత్తం 3 టన్నులనుకుంటే మంచి తారు రోడ్డుపై ఇది సుమారు 350 న్యూటన్లు. రెండవది గాలి నిరోధం. ఇది బండి ముఖ వైశాల్యానికి అనులోమంగాను, వేగపు వర్గానికి అనులోమంగాను పెరుగుతుంది. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది.

మిర్చి లోడు ప్రత్యేకత

సిమెంటు, ఎరువు వంటి సరుకులు బరువైనవి. బండి తొట్టెలో అడుగుభాగానికే సరిపోతాయి. ఎండు మిర్చి అందుకు భిన్నం. బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. 40 నుంచి 45 కిలోల టిక్కీలు 30కి పైగా ఎక్కితే గాని టన్నుమూడువందలు, టన్నునాలుగువందల కిలోలు కావు. అప్పటికి పేర్పు డ్రైవరు క్యాబిన్‌ను దాటి పైకి లేస్తుంది. పత్తి విషయంలోనూ ఇదే పరిస్థితి. అందువల్ల ఈ రెండు పంటల రవాణాలో బరువుతో పాటు పేర్పు ఎత్తును కూడా ఇంధన వ్యయానికి కారణంగా పరిగణించాలి.

క్యాబిన్ ఎత్తు వరకే ఉన్న బండికి ముఖ వైశాల్యం 2.8 చదరపు మీటర్లు అనుకుందాం. పేర్పు దానిపై ముప్పావు మీటరు లేస్తే అది సుమారు 4.1 చదరపు మీటర్లవుతుంది. గాలి నిరోధ గుణకాన్ని రెండింటికీ 0.6గా తీసుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నిరోధం 280 న్యూటన్ల నుంచి 410కి పెరుగుతుంది. అదే బరువు మోస్తున్న బండి మైలేజీ ఎత్తు కారణంగానే లీటరుకు 15.9 నుంచి 13.2 కిలోమీటర్లకు తగ్గుతుంది.

ఇందులో రైతు, హమాలీలు చేయగలిగిన పని ఉంది. టిక్కీలను నిలువుగా గాక అడ్డంగా ఒత్తుగా పేర్చడం, ముందు వరుసను క్యాబిన్ వెనుక నుంచి మెట్లుగా లేపడం, పైన కప్పిన టార్పాలిన్ పట్టాను నాలుగు వైపులా తాళ్లతో బిగించి కట్టడం అవసరం. వదులుగా ఎగిసిపడే పట్టా నిరోధాన్ని పెంచుతుంది. తిరుగు ప్రయాణంలో తొట్టెపై కమ్మీలు, తాళ్లు, విప్పిన పట్టా నిలబెట్టి ఉంచకుండా లోపల మడిచి పెట్టాలి.

వేగం విలువ

పై లోడుతోనే వేగాన్ని మార్చి చూస్తే ఫలితం ఇలా ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వద్ద లీటరుకు 15.7 కిలోమీటర్లు, 60 వద్ద 13.2, 80 వద్ద 9.3. రొంపిచెర్ల ప్రాంతం నుంచి గుంటూరుకు దూరాన్ని లెక్క కోసం 60 కిలోమీటర్లుగా తీసుకుంటే, 60 వేగంలో 4.6 లీటర్లు, 80 వేగంలో 6.5 లీటర్లు ఖర్చవుతాయి. దారి పొడవునా అదే వేగం సాధ్యమైనా మిగిలేది 15 నిమిషాలు. దానికి చెల్లించేది దాదాపు రెండు లీటర్ల డీజిల్. నిదానమే ప్రధానం అన్న మాట ఇక్కడ అంకెలలో కనిపిస్తుంది.

ఈ అంకెలను ఉన్నదున్నట్టు తీసుకోరాదు. ఇంజను తక్కువ భారంతో పనిచేసేటప్పుడు దాని సామర్థ్యం కొంత తగ్గుతుంది; భారం పెరిగినప్పుడు కొంత మెరుగవుతుంది. అందుచేత వాస్తవంలో వేగాల మధ్య తేడా ఈ లెక్క చూపినంత ఉండదు. కార్లపై జరిపిన పరీక్షల ఆధారంగా గంటకు 80 కిలోమీటర్లతో పోలిస్తే 45–55 కిలోమీటర్ల వేగంలో 40 శాతం వరకు అధిక మైలేజీ లభిస్తుందని పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ చెబుతోంది. దిశ మాత్రం ఒకటే. 1973 చమురు సంక్షోభం తరువాత అమెరికా ప్రభుత్వం 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ల, అంటే సుమారు 88 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని నిర్ణయించడానికి కారణం కూడా ఇదే భౌతిక సూత్రం.

నాలుగు ప్రయాణాల లెక్క

పై ఊహలతోనే రొంపిచెర్ల – గుంటూరు రానుపోను 120 కిలోమీటర్ల ప్రయాణాన్ని నాలుగు విధాలుగా లెక్కించి పట్టికలో ఇచ్చాము. ఇవి సూత్రాల ఆధారంగా వేసిన అంచనాలే గాని క్షేత్ర పరీక్షల ఫలితాలు కావు.

పట్టిక: ప్రయాణ విధానం – ఇంధన వినియోగం

| ప్రయాణ విధానం | మొత్తం డీజిల్ (లీ.) | సగటు మైలేజీ (కి.మీ./లీ.) | చేర్చిన సరుకు (క్వి.) | క్వింటాలుకు డీజిల్ (లీ.) |
|---|---|---|---|---|
| 1. పూర్తి లోడు, 60 వేగం, తిరుగు ఖాళీ | 7.4 | 16.2 | 14 | 0.53 |
| 2. పూర్తి లోడు, 80 వేగం, తిరుగు ఖాళీ | 10.6 | 11.3 | 14 | 0.76 |
| 3. సగం లోడు, 60 వేగం, తిరుగు ఖాళీ | 6.1 | 19.7 | 7 | 0.87 |
| 4. పూర్తి లోడు, 60 వేగం, తిరుగులో 10 క్వింటాళ్ల సరుకు | 8.1 | 14.8 | 24 | 0.34 |

మూడవ, నాలుగవ వరుసలను పోల్చి చూడాలి. సగం లోడుతో వెళ్లిన బండి మైలేజీలో అన్నింటికంటే ముందుంది. క్వింటాలు లెక్కలో అన్నింటికంటే వెనుకబడింది. తిరుగు ప్రయాణంలో ఎరువు, దాణా వంటివి తెచ్చిన బండికి మైలేజీ తగ్గింది. కాని క్వింటాలుకు ఖర్చయిన డీజిల్ మూడవ విధానంతో పోలిస్తే సగం కూడా లేదు. మైలేజీ మీటరును మాత్రమే నమ్మితే మనం రైతుకు తప్పు సలహా ఇచ్చే ప్రమాదం ఉంది.

దీని నుంచి వచ్చే విస్తరణ సందేశం స్పష్టం. ఒక రైతు 15 టిక్కీల కోసం బండి మాట్లాడుకునే బదులు, పక్క పొలం రైతుతో కలిసి ఒకే రోజు సరుకు పంపితే ఒక ప్రయాణం పూర్తిగా తగ్గుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు యార్డుకు సరుకు పంపే రోజును, దుకాణానికి ఎరువు తెచ్చుకునే రోజును ఒకటిగా చేసుకోవచ్చు.

ఈ కొలమానానికీ ఒక హద్దు ఉంది. లోడు పెంచుకుంటూ పోతే క్వింటాలుకు డీజిల్ ఇంకా తగ్గినట్లు కాగితం మీద కనిపిస్తుంది. అది అధిక లోడుకు సమర్థన కాదు. బ్రేకులు, ఇరుసు, టైర్లు తయారీదారు నిర్ణయించిన బరువుకే రూపొందినవి. ఎత్తయిన మిర్చి లోడు మలుపులో బండిని పక్కకు లాగుతుంది. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయల జరిమానా ఉంది. కాబట్టి రిజిస్ట్రేషన్ పత్రంలోని పరిమితికి లోబడిన నిండు లోడే మన లక్ష్యం. టిక్కీలపై కూలీలను ఎక్కించి పంపే అలవాటును కూడా విస్తరణ సిబ్బంది గట్టిగా నిరుత్సాహపరచాలి.

డొంక దారి భారం

రోడ్డెక్కక ముందే కొంత డీజిల్ పొలం దారిలో ఖర్చవుతుంది. వదులు మట్టి, గాళ్లు పడిన రేగడి డొంకలో దొర్లుడు నిరోధం తారు రోడ్డుపై కంటే ఐదు రెట్లు, తడిసినప్పుడు అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. ఐదు రెట్లుగా తీసుకున్నా 3 టన్నుల బండికి అది 1,750 న్యూటన్లు. అంటే లీటరుకు ఆరు కిలోమీటర్లు కూడా రావు. మూడు కిలోమీటర్ల డొంకకు అర లీటరు పైగా పోతుంది. అదే దూరం తారు రోడ్డుపై పావు లీటరు లోపు సరిపోతుంది.

ఈ నష్టాన్ని డ్రైవరు నైపుణ్యం పూడ్చలేదు. డొంకకు గ్రావెల్ పరచడం, పక్క కాలువ తీసి నీరు నిలవకుండా చూడడం, కల్లాన్ని వీలైనంత వరకు గట్టి దారికి దగ్గరలో ఏర్పరచుకోవడం దీనికి మార్గాలు. గ్రామంలో ఒక సీజనులో ఎన్ని బండ్లు ఆ దారిన తిరుగుతాయో లెక్కిస్తే, డొంక మరమ్మతు వల్ల మిగిలే డీజిల్‌ను పంచాయతీ ముందు అంకెలలో ఉంచవచ్చు.

ఆగడం, కదలడం, ఎదురుచూడడం

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే 3 టన్నుల బండిలో సుమారు 0.42 మెగాజౌళ్ల గతిశక్తి ఉంటుంది. బ్రేకు వేసి ఆపితే అదంతా వేడిగా మారిపోతుంది. తిరిగి అదే వేగం అందుకోవడానికి దాదాపు 40 మిల్లీలీటర్ల డీజిల్ కావాలి. పాతిక సార్లు ఇలా ఆగితే ఒక లీటరు పోయినట్లే. ఊరూరా స్పీడ్ బ్రేకర్లున్న మన రోడ్లపై ఇది చిన్న విషయం కాదు. ముందు ఊరు కనిపించగానే యాక్సిలరేటరు నుంచి కాలు తీసి, గేరులోనే బండి వేగం తగ్గనిస్తే ఈ నష్టంలో కొంత మిగులుతుంది.

కొందరు పల్లంలో బండిని న్యూట్రల్ చేసి వదులుతారు. నేటి ఎలక్ట్రానిక్ నియంత్రణ గల డీజిల్ ఇంజన్లలో గేరులో ఉంచి కాలు తీసినప్పుడు ఇంధన సరఫరా ఆగుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను తిరగడానికి డీజిల్ ఖర్చవుతూనే ఉంటుంది. పైగా ఇంజను బ్రేకు సహాయం పోతుంది. పొదుపు లేకపోగా ప్రమాదం అదనం.

సీజనులో యార్డు ముందు, శీతల గిడ్డంగుల ముందు బండ్లు బారులు తీరుతాయి. ఈ తరగతి ఇంజను ఊరకే తిరిగితే గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు ఖర్చవుతుంది. రెండు గంటల నిరీక్షణలో ఇంజను ఆపకపోతే వేగం తగ్గించి మిగుల్చుకున్నది చాలావరకు పోయినట్లే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ వాహనాలలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఇంజను ఎక్కువసేపు ఊరకే తిరిగితే ఆ ఫిల్టరు త్వరగా నిండుతుంది. దానిని కాల్చి శుభ్రపరచుకోవడానికి బండి మళ్లీ డీజిలే వాడుకుంటుంది.

టైర్లు, నిర్వహణ, ‘మైలేజీ పరికరాలు’

టైరులో గాలి ఒక పీఎస్ఐ తగ్గితే ఇంధన వ్యయం సుమారు 0.2 శాతం పెరుగుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. పది పీఎస్ఐ తగ్గితే అది 2 శాతం. అంతకంటే ముఖ్యం, గాలి తగ్గిన టైరు లోడు కింద వేడెక్కి పగిలే ప్రమాదం. నిండు లోడుకు వెనుక టైర్లకు ముందు టైర్ల కంటే ఎక్కువ గాలి కావాలి. ఆ వివరం వాహన పుస్తకంలో ఉంటుంది. ఉదయం బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడడం సరైన పద్ధతి. కల్లాల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును నిర్ణీత గడువు కంటే ముందే చూసుకోవాలి. చక్రాల అలైన్‌మెంటు, అంటుకుపోయిన బ్రేకులు, సరైన గ్రేడు ఇంజను ఆయిలు కూడా ఈ కోవలోనివే.

ఇంధన గొట్టానికి అయస్కాంతాలు, ట్యాంకులో మాత్రలు వంటివి మైలేజీని ఎన్నో రెట్లు పెంచుతాయని చెప్పి అమ్మేవారికి కొదవ లేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి పరికరాలను నూటికి పైగా పరిశీలించగా, స్వల్ప ప్రయోజనమైనా చూపినవి బహు కొద్ది. జీవ ఉత్ప్రేరకాల విషయంలో రైతుకు మనం చెప్పే జాగ్రత్తే ఇక్కడా చెప్పాలి: పోలికకు చెక్ మడి లేని ఫలితాన్ని నమ్మరాదు.

తేమ మోసే ఖర్చు

మొక్కజొన్న 20 శాతం తేమతో 14 క్వింటాళ్లు బండికెక్కిందనుకుందాం. దానిని 14 శాతానికి ఆరబెట్టి ఉంటే బరువు 13 క్వింటాళ్లే. అంటే దాదాపు ఒక క్వింటాలు నీటిని డీజిల్ పోసి మోస్తున్నాము. ఇంధనపరంగా ఈ నష్టం 2 శాతం లోపే. ధరలో కోత, బూజు, అఫ్లాటాక్సిన్ ముప్పు అంతకంటే చాలా పెద్దవి. అయినా కల్లంలో సరిగా ఆరబెట్టాలన్న మన పాత సలహాకు ఇది మరొక కారణం. మిర్చిని 10–11 శాతం తేమకు ఆరబెట్టి, తాలుకాయలను ఊరిలోనే వేరు చేసి పంపితే బండిలో ప్రతి టిక్కీ తన చోటుకు తగిన విలువ తెస్తుంది.

పొదుపు ఎవరికి దక్కుతుంది?

సాంకేతిక సలహా ఇచ్చినంత మాత్రాన ఆచరణ జరగదు. కిరాయి టిక్కీకి ఇంతని గాని, ట్రిప్పుకు ఇంతని గాని కుదురుతుంది. డీజిల్ మిగిలితే అది బండి యజమానికే చేరుతుంది. రైతుకు నేరుగా కనిపించదు. యజమాని వేరు, డ్రైవరు వేరు అయితే డ్రైవరుకు డీజిల్ పొదుపుపై ఆసక్తి ఉండదు. రెండో ట్రిప్పు బత్తా కోసం వేగం పెంచుతాడు. సీజనులో నిద్ర లేకుండా నడిపే ఆ డ్రైవరు కూడా పల్లె మనిషే, చాలా సందర్భాలలో రైతు కుటుంబం వాడే. అందువల్ల వేగం తగ్గించమన్న సలహా అతని రాబడిని దృష్టిలో ఉంచుకొని ఇవ్వాలి. రైతు సంఘం సీజను మొత్తానికి ఒప్పందం చేసుకొని, నిండు లోడు, తిరుగు సరుకు తాము చూపిస్తామని, అందుకు ప్రతిగా కిరాయిలో కొంత తగ్గించమని అడగవచ్చు. అప్పుడు మిగిలిన డీజిల్ విలువ ముగ్గురి మధ్య పంపకమవుతుంది.

విద్యార్థులకు ఒక క్షేత్ర పరిశీలన

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు ఈ విషయంపై చిన్న పరిశీలన చేపట్టవచ్చు. బయలుదేరే ముందు ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి మీటరు రీడింగు రాసుకోవాలి. తిరిగి వచ్చాక అదే బంకులో, అదే గొట్టం దగ్గర మళ్లీ నింపితే ఖర్చయిన డీజిల్ తెలుస్తుంది. సరుకు బరువు కాటా చీటీలో ఉంటుంది. వీటితో పాటు పేర్పు ఎత్తు, గరిష్ఠ వేగం, ఇంజను తిరుగుతూ ఆగిన సమయం, డొంక దూరం, తిరుగు సరుకు నమోదు చేయాలి.

ఒక్క ట్రిప్పు ఫలితం ఒక్క మడి దిగుబడి వంటిది. దానితో నిర్ణయానికి రాలేము. ఒకే బండి, ఒకే డ్రైవరుతో 60, 80 వేగాలను మార్చి మార్చి కనీసం నాలుగేసి ట్రిప్పులు నమోదు చేయాలి. గాలి దిశ, రద్దీ వల్ల వచ్చే తేడాలు అప్పుడే సగటులో సర్దుకుంటాయి. ఫలితాన్ని లీటరుకు కిలోమీటర్లుగాను, క్వింటాలుకు లీటర్లుగాను పక్కపక్కనే చూపాలి. పై పట్టికలోని అంచనాలు రొంపిచెర్ల దారిలో ఎంతవరకు నిలుస్తాయో ఇటువంటి లెక్కలే తేల్చగలవు.

ప్రాధాన్య క్రమంలో చెప్పాలంటే: మొదట నిండు లోడు, తిరుగు సరుకు, తరువాత వేగం, పేర్పు ఎత్తు, ఆపైన నిరీక్షణలో ఇంజను ఆపడం, డొంక బాగు, చివరగా టైర్లు, ఫిల్టర్ల నిర్వహణ. వీటిలో మొదటి అంశం రైతులు పరస్పరం మాట్లాడుకుంటే జరిగేది. దానికి పెట్టుబడి అవసరం లేదు. మిరప సీజను మొదలయ్యే ముందే, సస్యరక్షణ శిక్షణలతో పాటు, విస్తరణ సిబ్బంది గ్రామ సమావేశాలలో రవాణా ప్రణాళికను కూడా ఒక అంశంగా చేర్చడం మంచిది.